ఆగవలసిన చోట్లు

ఫిబ్రవరి 4

పిన్నికి,

నువ్వు పంపే బట్టలు అందాయని చెప్పడానికి కాకుండా నేను నీకు రాస్తున్న మొదటి ఉత్తరం ఇదేననుకుంటాను. కంగారు పడకు. ఒంట్లో బాగానే ఉంది. ప్రెస్సులో ఉద్యోగమూ బాగానే ఉంది. రోజంతా ఇతరుల తప్పులు దిద్దుతాను. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. ప్రూఫ్ రీడర్ పని నా కోసమే పుట్టినట్టుంది.

ఒక సాయం కావాలి. మేం నలుగురు స్నేహితులం మార్చిలో కారులో బయల్దేరి, ఊళ్ళు చూసుకుంటూ సముద్రం దాకా, అంటే మీ ఊరి దాకా రావాలనుకుంటున్నాం. కారు మాలో ఒకడైన ఫోటోగ్రాఫరుది. దాని వయసు మా అందరికన్నా ఎక్కువ. మిగతా ఇద్దరిలో ఒకతె నర్సు, ఒకతె హాస్టల్లో నా గదిలోనే ఉండే టెలిఫోన్ ఆపరేటరు. ఈ రూమ్మేట్ డ్యూటీలో ఎంత మాట్లాడుతుందో గదికొచ్చాకా అంతే మాట్లాడుతుంది. నన్ను స్నేహితురాలిని చేసుకున్నది ఆమే. నా వల్ల అయ్యే పని కాదు అది.

ఎక్కడెక్కడ ఆగాలో చూసే బాధ్యత నాకు అప్పగించారు. "పుస్తకాలు నమిలేది నువ్వే కదే, నువ్వే చూడు" అన్నారు. ఖర్చు తక్కువ కావాలి, సరదా ఎక్కువ కావాలి. గైడు పుస్తకాలు తిరగేశాను. వాటిలో ఉన్న చోట్లన్నీ డబ్బున్నవాళ్ళు ఆవులించడానికి కట్టించుకున్నట్టున్నాయి. నువ్వు నాటకాల కంపెనీతో ఏళ్ళ తరబడి ఈ దారిలోనే తిరిగావు కదా. నీకేమైనా గుర్తున్నాయా?

ఆఖరి మజిలీ మీ ఇల్లే. అది మాత్రం ఎవరినీ అడక్కుండా నేనే రాసేశాను. నీకు ఇబ్బంది లేకపోతేనే. అమ్మ చనిపోయిన ఏడాది నువ్వు నన్ను చూడటానికి కాన్వెంటు గేటు దాకా వస్తే, నేను సిస్టర్ వెనక దాక్కున్నాను. ఆ తర్వాత మనం చూసుకోలేదు. ఈసారి దాక్కోను.

నమస్కారాలతో,
నువ్వు పెట్టిన పేరే,
చిట్టెలుక


ఫిబ్రవరి 12

చిట్టెలుకకు పిన్ని దీవెనలు.

ఇబ్బంది లేకపోతేనే అట. ఏమే, పిన్ని ఇంటికి రావడానికి కూడా దరఖాస్తు పెట్టుకుంటారా? మీ సిస్టర్లు నీకు మర్యాద మోతాదు మించి పట్టించారు.

లాడ్జీల జోలికి పోకండి. మంచానికి అద్దె మనం కడతాం, పడుకునేవి నల్లులు. దారి పొడుగునా మా కంపెనీ వాళ్ళున్నారు.

మొదటి ఊళ్ళో మా బఫూను. ఇప్పుడు లాండ్రీ నడుపుతున్నాడు. ఊళ్ళో ఉన్న ఆసుపత్రుల దుప్పట్లన్నీ వాడి డాబా మీదే ఆరతాయి. గాలి తోలుతున్నప్పుడు వాటి మధ్య నిలబడితే ఓడెక్కినట్టుంటుంది. టిక్కెట్టు లేదు. వేణ్ణీళ్ళకు కొదవ లేదు.

రెండో ఊళ్ళో తెరల పెయింటరు. మా అడవులూ అంతఃపురాలూ వాడి చేతివే. ఇప్పుడు సినిమాహాలుకు బోర్డులు రాస్తున్నాడు. మిమ్మల్ని తెర వెనక కూచోబెట్టి సినిమా చూపిస్తాడు. అక్కణ్ణుంచి చూస్తే లోకంలో అందరిదీ ఎడమచేతివాటమే. ఏడుపు సీన్లో కూడా నవ్వొస్తుంది.

మూడోది నది ఒడ్డున. అక్కడ పడవ టిక్కెట్ల గదిలో మా ప్రాంప్టరమ్మ కూచుంటుంది. అవతలి ఒడ్డున దిగకుండా అలాగే కూచుంటే మళ్ళీ ఇవతలికి తెచ్చి దింపుతారు. ఒక టిక్కెట్టుకు రెండొడ్లు. నువ్వు ఆమెకు బాగా నచ్చుతావు. నీలాంటిదే. నాటకమంతా నోటికొచ్చు, కాని పక్కన నిలబడి అందించే ఆమె గొంతు జనం ఒక్కనాడూ వినలేదు.

మాలో ఒక పద్ధతి ఉంది. కంపెనీ మూసేసిన రోజున ముందుతెరను ముక్కలు చేసి అందరికీ పంచింది నేనే. ఎర్ర మఖమల్. ఆ ముక్క కట్టుకుని గుమ్మంలోకి ఎవరొచ్చినా అన్నం పెట్టాలి, పక్క వెయ్యాలి. నువ్వెవరు, ఎందుకొచ్చావు అని అడగకూడదు. కష్టంలో ఉన్న మనిషిని అడిగితే చిన్నబోతారని ఆ నియమం కూడా నేనే పెట్టాను. నా ముక్కతో నీకు స్కార్ఫు కుట్టి పంపుతున్నాను. మా అక్క కూతురు వస్తోందని అందరికీ రాశాను.

గుమ్మం వైపు తిరిగి కూచున్న
పిన్ని


ఫిబ్రవరి 20

పిన్నీ,

స్కార్ఫు అందింది. అద్దం ముందు కట్టుకుని చూసుకున్నాను. ఎవరో ధైర్యవంతురాలు కనిపించింది.

నీ ఉత్తరం స్నేహితులకు చదివి వినిపించాను. రెండొడ్ల దగ్గర అందరూ చప్పట్లు కొట్టారు. ఇంతమంది మధ్య గట్టిగా చదవడం నాకిదే మొదటిసారి. నర్సు దుప్పట్ల డాబా కావాలంది. ఫోటోగ్రాఫరుకు తెర వెనక నుంచి ఫోటోలు తీయాలనుంది. రూమ్మేట్‌కు అన్నీ కావాలి.

మీ నియమం నాకు నచ్చింది. మా కాన్వెంటులో ఇంకోటి ఉండేది: అడిగితేనే మాట్లాడాలి. బడి వదిలినా ఆ అలవాటు నన్ను వదల్లేదు.

ఒక మాట చెబుతాను, కోపం తెచ్చుకోకు. స్కార్ఫు కుట్టు తాగినవాడి నడకలా ఉందని రూమ్మేట్ అంది. నాకూ నవ్వొచ్చింది. నీ అక్షరాలు కూడా ఈ మధ్య పలకంత పెద్దవయ్యాయి. నేనింకా ఒకటో తరగతిలోనే ఉన్నాననుకుంటున్నావా?

నీ,
చిట్టెలుక


ఫిబ్రవరి 28

చిట్టెలుకకు,

కుట్టు సంగతి రాశావు. కొత్త కళ్ళజోడు ఇంకా కుదురుకోలేదు. మహారాణుల జాకెట్లు కుట్టిన చెయ్యి కదా, నీ రూమ్మేట్‌కు నచ్చకపోతే కాస్త గుచ్చుకుంది. పోనీలే, నవ్వితే నవ్వారు.

ఎవరూ అడగని ఇళ్ళకు, అడిగితే తప్ప మాట్లాడని దానివి పోతున్నావు. మా వాళ్ళు నిన్ను మూగపిల్ల అనుకుంటారేమో. కనీసం దుప్పట్లు బాగున్నాయని అను.

మార్చి దాటనివ్వకు. ఎందుకని అడక్కు. ఇక్కడికి మాత్రం పొద్దున పూట చేరండి. మా కిటికీలోకి వెలుతురు పొద్దున్నే వస్తుంది. నిన్ను వెలుతురులో చూడాలి. ఇన్నేళ్ళూ కొలతలు తెలియకుండా గౌన్లు కుట్టాను, ఎదుగుతావులే అని వదులుగా. ఎంత ఎదిగావో చూడొద్దూ?

ఒక పుస్తకం తీసుకురా. నువ్వే చదివి వినిపించు. నాకిప్పుడు చదివే ఓపిక లేదు.

పిన్ని


మార్చి 8

పిన్నీ,

పుస్తకం కొన్నాను. ఏదో చెప్పను. రోజూ గదిలో ఎవరూ లేనప్పుడు పైకి చదువుతున్నాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపిస్తోంది. పదో పేజీ దాకా తడబడకుండా వచ్చింది.

పొద్దున్నే చేరేలా మొత్తం ప్రయాణం సర్దాను. "సముద్రం దగ్గర ఇంకాసేపు పడుకుంటే ఏం పోతుందే?" అని రూమ్మేట్ సణిగింది. కుదరదన్నాను. నేను కుదరదంటే వాళ్ళంతా ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. నాకూ ఆశ్చర్యం వేసింది.

ఇంకో వారమే. రాత్రి కళ్ళు మూసుకుంటే దుప్పట్లే కనిపిస్తున్నాయి.

నీ,
చిట్టెలుక


మార్చి 16

పిన్నీ,

కారు ఈ ఉదయం బయల్దేరింది. ఎక్కడికి ఎప్పుడు చేరుతుందో అంతా నువ్వు చెప్పిన వరుసలోనే. స్కార్ఫు బాగా నప్పింది. వర్షం లేదు.

ఇంకేమీ రాయడానికి తోచడం లేదు. నువ్వు ఎదురుచూస్తావని రాశాను.

చిట్టెలుక


మార్చి 20

చిట్టెలుకకు దీవెనలు.

నువ్వు దారిలో ఉంటావని తెలిసీ హాస్టలుకే రాయిస్తున్నాను, తిరిగి వెళ్ళాక చదువుకుంటావని. చేతిరాత చూసి కంగారు పడకు. ఇది కింద కుట్టుమెషీన్లు బాగుచేసే మేస్త్రిది. నా చెయ్యి నొప్పిగా ఉంది.

మా బఫూను కార్డు రాశాడు. "అక్కా, పిరికిపిల్ల అన్నావు, ఇదేం పిల్ల! దుప్పటి కప్పుకుని డాబా అంతా దయ్యంలా తిరిగింది. నా లాండ్రీ ఆడవాళ్ళు నవ్వలేక చచ్చారు" అని. పెయింటరు రాశాడు, నువ్వు సినిమా మొత్తం ఎడమచేత్తో వేరుశనక్కాయలు తిన్నావట, తెర మీద వాళ్ళకు తోడుగా.

ఆ రెండు కార్డులూ మేస్త్రి చేత ఎన్నిసార్లు చదివించుకున్నానో. ఆయన విసిగిపోయి "అమ్మగారూ, ఇక నాకు కంఠతా వచ్చేసింది, చూడకుండా చెప్తాను" అన్నాడు.

నేను నిన్ను పెంచలేకపోయాను. అక్క పోయినప్పుడు నిన్ను కంపెనీతో పాటు ఊళ్ళు తిప్పడం మంచిది కాదని సిస్టర్ల దగ్గర వదిలాను. గేటు దగ్గర నువ్వు దాక్కోవడం చూసి, ఈ పిల్లకు నోరు లేకుండా చేసింది నేనేనేమో అనుకున్నాను. ఆ దిగులు ఇన్నాళ్ళూ ఉంది. ఇప్పుడు పోయింది. తల్లీ, నువ్వు నవ్వుతావని, నవ్విస్తావని నాకెవరు చెప్పారు ఇన్నాళ్ళూ?

పిన్ని


మార్చి 23

పిన్నీ,

నీ ఉత్తరం చదివాను. ఇది నేను మొదటి రోజే రాయవలసింది.

నేను ప్రయాణంలో లేను. హాస్టల్లోనే ఉన్నాను. దుప్పటి కప్పుకున్నది నేను కాదు. ఎడమచేత్తో తిన్నది నేను కాదు. అది మా రూమ్మేట్.

బయల్దేరే ముందు రోజు ఫోటోగ్రాఫరు తన అన్నను కూడా తీసుకొచ్చాడు. కారు పాతది. అయిదుగురు ఎక్కితే ఘాటు రోడ్డు ఎక్కదన్నాడు. ఎవరూ ఎవరినీ ఆగిపొమ్మనలేదు. నర్సు గోళ్ళు చూసుకుంది. రూమ్మేట్ మొదటిసారి నోరు మూసుకుంది. ఆ నిశ్శబ్దం నేను భరించలేకపోయాను. "నాకు ప్రెస్సులో ప్రూఫులున్నాయి, మీరు వెళ్ళండి" అన్నాను. "అయ్యో, అవునా" అన్నారు. కుదరదని తెలిసినా ఒక్కసారైనా రమ్మంటారనుకున్నాను. అంత త్వరగా నమ్ముతారనుకోలేదు.

స్కార్ఫు లేకపోతే వాళ్ళకు ఎక్కడా చోటుండదు. అందుకే రూమ్మేట్ మెడకు నేనే కట్టాను. నేను పంపించానని చెప్పమన్నాను. మీ వాళ్ళు అడగలేదు, అది చెప్పలేదు. వాళ్ళ తప్పేం లేదు.

నీకు ఎలా చెప్పాలో తెలియక ఆ పొడి ఉత్తరం రాశాను. అందులో అబద్ధం లేదని రెండుసార్లు సరిచూసుకున్నాను. ప్రూఫ్ రీడర్ బుద్ధి. నిజం కూడా లేదు.

నువ్వు మెచ్చుకున్న పిల్ల నేను కాదు పిన్నీ. నేనింకా సిస్టర్ వెనకే ఉన్నాను.

చిట్టెలుక


మార్చి 25

బంగారుతల్లికి,

ఇది కూడా మేస్త్రి చేతే రాయిస్తున్నాను. ఇప్పుడు కారణం దాచక్కర్లేదు. నువ్వు వచ్చావు, నిన్ను చూశాను, ఇక దాచి లాభమేముంది?

నా కళ్ళు పోతున్నాయి. చూపులో నడిమి నుంచి చీకటి మొదలైంది. అంచులు మిగిలాయి. అవి కూడా వేసవి దాటవన్నాడు డాక్టరు. కుట్టు వంకర అన్నావు చూడు, దారం వేళ్ళతో తడుముకుంటూ కుట్టాను. ముందే చెబితే జాలిపడి వస్తావు. సరదాగా రావాలని చెప్పలేదు.

నిన్న పొద్దున గుమ్మంలో అడుగుల చప్పుడైంది. చెయ్యి చాచాను. మఖమల్ తగిలింది. "వచ్చావా" అన్నాను. "వచ్చాను పిన్నీ" అన్నావు. ఆ మాటతో నాకిక వేరే ఏమీ వినపడలేదు.

నిన్ను కిటికీ దగ్గర కూచోబెట్టి, నా తల పక్కకు తిప్పుకుని ఓరకంట చూశాను. నాకు అలా అయితేనే కనిపిస్తుంది. దొంగచూపు అనుకున్నావేమో. కుడి బుగ్గ మీద సొట్ట ఉంది నీకు. మా అక్కకు లేదే, ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నావో. ముఖమంతా వేళ్ళతో చదువుకున్నాను. నువ్వు కదలకుండా కూచున్నావు. నీ చెంపలు తడిశాయి. ఆ కన్నీళ్ళు నీవో, నా చేతికంటిన నావో.

మీ స్నేహితులు మాత్రం నేలచూపులు చూస్తూ నిలబడ్డారని మేస్త్రి అంటున్నాడు. పిన్ని కన్నీళ్ళకు బెదిరిపోయారు కాబోలు. పుస్తకం అడిగితే మర్చిపోయానన్నావు. పోనీలే. ఈసారి తెద్దువుగాని.

నాకిక బెంగ లేదు. చీకట్లో కూచున్నా చూసుకోవడానికి ఒక ముఖం ఉంది.

నీ,
పిన్ని


మార్చి 28

మెషీన్ల మేస్త్రిగారికి,

నమస్కారం. మీరు నన్నెరగరు. మీ పైఅంతస్తులో ఉండే ఆమె అక్క కూతురిని నేను. ఆ రోజు మీరు చూసిన అమ్మాయిని కాదు.

నేను ఇరవై మూడో తేదీన పిన్నికి ఒక ఉత్తరం రాశాను. ఇంకా చదివి వినిపించకపోతే దయచేసి చించెయ్యండి. ఆమె కళ్ళ సంగతి అప్పటికి నాకు తెలియదు. తెలిసి ఉంటే రాసేదాన్ని కాదు. తెలిసి ఉంటే నడిచైనా వచ్చేదాన్ని.

మా రూమ్మేట్ నిన్న తిరిగొచ్చింది. చాలాసేపు మంచం మీద కూచుని స్కార్ఫు మడతపెడుతూ, విప్పుతూ ఉంది. "ఆమె నా ముఖం పట్టుకుంటే నేను కాదని ఎలా చెప్పనే? నోరు రాలేదు. నాకు నోరు రాలేదంటే నువ్వు నమ్ముతావా?" అంది. నమ్మాను. కోపం తెచ్చుకోవాలని చూశాను, రాలేదు.

ఆ రోజు వచ్చింది నేనేననుకోనివ్వండి. ఆమెకు ఆ ముఖం చాలు. ఈ ఉత్తరం కూడా వినిపించకండి.

మీకు ఇబ్బంది కలిగించినందుకు మన్నించండి.


ఏప్రిల్ 3

చిట్టెలుకకు,

మేస్త్రిని ఏమీ అనకు. నువ్వు నిజం చెప్పి రాసిన ఉత్తరం ఇరవై ఏడునే వచ్చింది. రెండు వాక్యాలు చదివి ఆగి, కళ్ళజోడుకు మసి అంటుకుందన్నాడు. "తుడుచుకుని చదవవయ్యా" అన్నాను. చదివాడు. ఆ పూట ఆయన కొట్టు తెరవలేదు. ఆయన పేర రాసింది వచ్చినప్పుడు, "ఇది మీకు వినిపించొద్దని రాసిందమ్మా" అని చెప్పేశాడు. అలాంటి మనిషి దగ్గర రహస్యం ఏం ఆగుతుంది?

వెంటనే జవాబు రాయించలేదు. కోపం వచ్చింది. ఎవరి మీదో తేల్చుకోలేకపోయాను. ఆ పిల్ల మీదా? అది నా చేతుల్లో చిన్నపిల్లలా ఏడ్చింది. నీ మీదా? నిన్ను మాట్లాడొద్దని పెంచిన చోట వదిలింది నేనే. అడగకూడదన్న నియమం పెట్టిందీ నేనే. నా గుమ్మంలో నేనే అడగలేదు. ఒక్కసారి "ఎవరమ్మా?" అని ఉంటే అయిపోయేది.

కళ్ళ మాట నేనూ దాచాను. పిన్నీ కూతురూ ఇద్దరం ఇద్దరమే.

ఒక్కటి మాత్రం చెప్పకుండా ఉండలేను. నువ్వు గుర్తొచ్చినప్పుడల్లా ఆ సొట్టబుగ్గే వస్తోంది. పక్కకు జరగమంటే జరగదు. పోనీ నువ్వొస్తే చూసి మార్చుకుందామంటే, అంచులు కూడా సోమవారం నుంచి లేవు. డాక్టరు వేసవి దాకా గడువిచ్చాడు గాని, అవి ఆగలేదు.

కాబట్టి వస్తే నువ్వు మాట్లాడాలి తల్లీ. ప్రాంప్టరమ్మలా పక్కన నిలబడి గుసగుసలు కాదు. పైకి. నీకది కష్టమని తెలుసు. కాని ఇక నాకు నువ్వంటే నీ గొంతొక్కటే.

పిన్ని


ఏప్రిల్ 7

పిన్నీ,

ప్రెస్సులో సెలవు అడిగాను. అడిగాను, చూడు. శనివారం బస్సుకు వస్తున్నాను.

నాకు సొట్టబుగ్గ లేదు. నా ముఖంలో చెప్పుకోదగ్గది ఏమీ లేదు. అచ్చం అమ్మలా ఉంటానని, నా దగ్గరున్న అమ్మ ఫోటో చూసి, గేటు దగ్గర నన్ను వెనక దాచుకున్న ఆ సిస్టర్ అనేవారు. నేను గుర్తు రావాలంటే అమ్మను తలుచుకో. ఆమె, నీ కళ్ళు బాగున్నప్పుడు నువ్వు చూసిన మనిషి.

స్కార్ఫు తేవడం లేదు. గుమ్మంలో నిలబడి, నువ్వు అడక్కుండానే నేనెవరో చెబుతాను. తర్వాత మొదటి పేజీ నుంచి చదువుతాను.

దారిలో ఎక్కడా ఆగను.

నీ,
చిట్టెలుక